హిల్యా పంచిన ఆరడుగుల నేలలు

"నలభై నిండాయిగా డేల్, నీకూ కొన్నాను. మేపుల్ చెట్టు కింద. నీడకి లోటు లేదు. ఆకులు రాల్తాయి, సర్దుకో."

పుట్టినరోజు కేకు కోస్తున్న కొడుకు చేతిలో శ్మశానం కాగితం పెట్టి అలా అంది హిల్యా. ఆవిడ ఎవరికైనా కానుక ఇచ్చిందంటే అది సమాధి స్థలమే. కూతురికి క్రిస్మస్‌కి రిబ్బను కట్టి ఇచ్చింది. చెల్లెలి పాతికేళ్ల పెళ్లిరోజుకి జంటగా రెండు ఇచ్చింది. మరిది గురక పెడతాడని మధ్యలో ఒక అడుగు ఎడం కూడా అడిగి పెట్టించింది. ఆవిడ కారు గేటు దగ్గర కనబడితే చాలు, శ్మశానం గుమాస్తా పటం విప్పి బల్ల మీద పరిచేవాడు.

దీనికంతటికీ కారణం ఆవిడ భర్త రైనో. నలభై ఏళ్లు అడవిలో చెట్లు నరికిన మనిషి, ఇప్పుడు మతి తప్పి బూట్లు తీసి పొయ్యిలో పెడుతున్నాడు. మంచు పడేలోగా వృద్ధుల వైద్యశాలలో చేర్చక తప్పదన్నాడు డాక్టరు. దాచుకున్నదంతా దాదాపు ఊడ్చుకుపోతే గానీ ఆ ఖర్చు సర్కారు భరించదు. పోనీ పిల్లలకి పంచుదామంటే ఐదేళ్లు వెనక్కి తవ్వి మరీ పట్టుకుంటారు. అయినవాళ్లకి కొన్న సమాధి స్థలాలు మాత్రం లెక్కలోకి రావు.

సర్కారు ఆఫీసులో అమ్మాయి తొమ్మిది కాగితాలూ తిరగేసి, ఇంతమందికి ఇప్పుడే ఎందుకని అడిగింది. తర్వాత తొక్కిసలాట ఉండకూడదని చెప్పింది హిల్యా. "చట్టం రాసింది మీరు. నేను చదివాను. అంతేగా?"

ఈ సంగతి విని ఇంట్లో అందరూ నవ్వారు. డార్లీన్ కూడా నవ్వింది గానీ, ఆమెకి లోపల ఎక్కడో గుచ్చుకుంది. డేల్‌తో విడాకులై మూడేళ్లయింది. అయినా రోజు విడిచి రోజు వచ్చి, ఆవిరిగది వేడి చేసి రైనోకి స్నానం చేయించేది ఆమే. ఇంకెవరు చెయ్యేసినా ఆయన కలబడతాడు.

ఒక మధ్యాహ్నం ఏలకుల రొట్టె కోస్తూ తేలిగ్గానే అనేసింది. "పోయాక కూడా ఈ ఇంట్లో నాకు చోటు లేదన్నమాట, అత్తయ్యా."

హిల్యా రొట్టెల డబ్బా అడుగునుంచి ఒక కాగితం లాగింది. లాయరు రాసిన ఒప్పందం. రైనోని చూసుకున్నందుకు డార్లీన్‌కి ఊళ్లో నడిచే రేటు ప్రకారం గంటకింతని జీతం.

"కానుకైతే తప్పు పడతారు. జీతాన్ని ఎవడేమంటాడు?"

"డేల్ ఊరుకుంటాడా?"

"వాడి వాటా మేపుల్ చెట్టు కింద ఉందిగా. పోయాక వచ్చేవాళ్లకి నేల. ఉండగా వచ్చినదానికి జీతం."

డార్లీన్ సంతకం పెట్టడానికి రెండుసార్లు కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. హిల్యా అది చూడనట్టే రొట్టె మీద వెన్న రాసింది.

"ఇక లే. శ్మశానానికి వెళ్లి, మా ఇద్దరి స్థలంలో ఓసారి వెల్లకిలా పడుకుని చూసి రా. తల కాస్త ఎత్తితే సరస్సు కనబడాలి. లేకపోతే ఆ గుమాస్తా చేత మార్పిస్తాను. వెళ్లిన గంట రాసుకోవడం మర్చిపోకు, పిల్లా. అదీ పనే."