శ్రుతి ఆగిన మధ్యాహ్నం

ఈ ఉదయం మా కోడలు డైనింగ్ టేబుల్ మీద గిటారు పడుకోబెట్టి పాత తీగలు విప్పుతుంటే, కాఫీ పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఆ వాయిద్యం మీద నా అనుమానం పూర్తిగా పోలేదు గానీ, మూడేళ్ల క్రితం అమెరికాలో మేముండే నోవై ఊళ్లో మంచు కరగని ఆ ఫిబ్రవరిలో ఉన్నంత లేదు. అప్పటిదాకా మా తెలుగు చర్చిలో పాత కీర్తనలు నేనే ఎత్తుకునేదాన్ని. నా గొంతు వణకడం మొదలయ్యాక, గుడ్ ఫ్రైడేకి మా అమ్మ నేర్పిన హిందోళ కీర్తనను కోడలే గిటారుతో పాడించాలని సంఘ పెద్దలు తేల్చారు. నా భయమల్లా ఒకటే. చర్చి పిల్లలు మొదటిసారి ఎలా వింటే అదే వాళ్లకు అసలు వరస అయి కూర్చుంటుంది. తరవాత దిద్దడానికి నేనుండను.

కోడలు వీడియోలో ఒక గడ్డం మాస్టారు దగ్గర నేర్చుకునేది. వంటింట్లోంచి నేను ఒక చెవి అటు పడేసి ఉంచేదాన్ని. మొదటి ఆదివారం మోహన రాగం. రెండోదీ మోహనమే. మూడోదీ అదే అయ్యేసరికి లెక్క కుదరక నిలదీశాను.

"ఏమ్మా, ఈయన పాఠం మార్చడా?"

"మార్చారు అత్తయ్యా. నోట్స్ అవే ఐదు. ఏ నోట్‌ని హోమ్ చేసుకుంటే దాన్ని బట్టి మూడ్ మారిపోతుంది. మోడ్స్ అంటారు. ఇవాళ్టిది మీ హిందోళమే."

"హిందోళం నాకే చెబుతున్నావా? నిన్నెవరో బాగా బుట్టలో వేశారు."

ఆమె నవ్వి మళ్లీ తీగ మీటింది. ఆ నవ్వు మీదా నాకు అనుమానమే.

వంట చేస్తున్నంతసేపూ నా ఫోన్‌లో తంబురా శ్రుతి మోగాలి నాకు. అది లేకపోతే పోపు కూడా వేగదు. ఇంట్లో ఎప్పుడూ వినిపించేది అదే కనుక కోడలు గిటారును దానికే కలుపుకుంది. గుడ్ ఫ్రైడే దగ్గర పడింది. మట్టల ఆదివారం ముందు ఒక మధ్యాహ్నం మావాడు ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు. శ్రుతి ఆగిపోయింది. హాల్లో గిటారు మంద్ర తీగ మోగింది. దాని మీద అవే ఐదు స్వరాలు, కానీ మోహనం కాదు. అచ్చంగా అమ్మ హిందోళం! ఫోన్ ఎత్తడం మరిచిపోయాను. ఆమె షడ్జమాన్ని, అదే తన ‘హోమ్’ని, ఎక్కడికి జరిపినా ఇన్నాళ్లూ నా శ్రుతే దాన్ని పట్టి వెనక్కి లాగుతోందన్నమాట.

"ఈ సంగతి నీకు ముందే తెలుసా?"

"తెలుసు అత్తయ్యా. మీ శ్రుతి కట్టేయమని ఎవరు చెప్తారు? మీ అబ్బాయిని అడిగితే తన వల్ల కాదన్నాడు."

గుడ్ ఫ్రైడే నాడు ముందు వరసలోనే కూర్చున్నాను, తప్పు పడితే అక్కడే పట్టుకుందామని. గమకం దగ్గర ఆమె తీగను వేలితో పక్కకు లాగింది. అమ్మ గొంతు ఊగినంత ఊగలేదు గానీ దరిదాపులకు వచ్చింది. రెండో చరణానికి పిల్లలు అమెరికా యాసతో అందుకున్నారు. వరస మాత్రం ఎక్కడా తప్పలేదు. అమ్మ పాటను ఇంకొకరి వేళ్ల మీద గుర్తుపట్టడానికి నాకు ఇంత వయసు కావలసి వచ్చింది. వాళ్లకు ఒక్క చరణం చాలింది.