ఆయిలు పుల్ల మీద రెండు గీతలు

నా చిన్నప్పుడు మా మామిడితోటలో ఒక చిన్న ట్రాక్టరు ఉండేది. పెద్ద ట్రాక్టరు తెస్తే వాలిన కొమ్మలు విరుగుతున్నాయని, మా తాతయ్య బనగానపల్లెలో ఎవరి దగ్గరో ఆ పాతదాన్ని కొన్నాడు. తోట దున్నడానికీ, మందు కొట్టే పంపు తిప్పడానికీ అదే దిక్కు. మా జేజి, అంటే నాయనమ్మ, దాన్ని తన సవతి అనేది. తనతో కంటే దానితోనే తాతయ్య ఎక్కువ మాట్లాడతాడని ఆమె ఫిర్యాదు. అందులో అబద్ధమేమీ లేదు.

నాకు పదేళ్లొచ్చేసరికి దానికి వయసైపోయింది. పొగ నీలంగా వచ్చేది. డీజిలుతో పాటు ఆయిలు కూడా తాగేది. ఆ ఏడు పూత వచ్చిన రోజుల్లో కోయిలకుంట్ల నుంచి మెకానిక్ మామ వచ్చాడు. ఇంజను నడుస్తుండగానే ఆయిలు పోసే చోట మూత విప్పి, బిగించకుండా ఊరికే ఆ రంధ్రం మీద బోర్లించాడు. అన్నం ఉడికేటప్పుడు గిన్నె మీద మూతలాగా అది టకటకా ఎగిరింది. నాకు నవ్వొచ్చింది. వాళ్లిద్దరూ నవ్వలేదు.

లోపల పిస్టను రింగులు అరిగి గాలి ఆ రంధ్రంలోంచి తన్నుకొస్తోందని, ఆలస్యం చేయకుండా ఇంజను విప్పి పని చేయించాలని మామ చెప్పాడు. తాతయ్య పూత నిలవనీ అన్నాడు. మామ మళ్లీ వచ్చినప్పుడు పిందె గట్టిపడనీ అన్నాడు. ఆ తర్వాత కాయ దిగనీ అన్నాడు. మామ ఇక వాదించలేక, అంతదాకా ఆయిలు మాత్రం తగ్గనీయొద్దని హెచ్చరించాడు. తగ్గితే నడుస్తున్న ఇంజను బిగుసుకుపోతుందట. అలా బిగుసుకుపోయి గట్టు మీదనుంచి బోల్తాపడిన ఒక ట్రాక్టరు గురించీ, దాని కింద నలిగిపోయిన మనిషి గురించీ కూడా చెప్పాడు. పక్కనే నేనొకదాన్ని ఉన్నానని ఇద్దరూ మరచిపోయారు.

ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. కళ్లు మూసుకుంటే చాలు, తాతయ్య ట్రాక్టరు కింద కనిపించేవాడు. ఎవరికైనా చెబితే అదే నిజమవుతుందేమోనని నోరు మెదపలేదు. ఒంటిపూట బడులు మొదలయ్యాక బడి వదలగానే నేరుగా తోటకు పోయేదాన్ని. తాతయ్య చెట్టు కింద కునుకు తీసే వేళ చూసి, మోటారు గదిలో డబ్బాలోని ఆయిలు స్టీలు గ్లాసుతో ముంచి ఇంజనులో పోసేదాన్ని. రోజుకో గ్లాసు. భయం మరీ ఎక్కువైన రోజు రెండు. ఆ గ్లాసు ఇంట్లోంచి ఎత్తుకొచ్చిందే. జేజి దానికోసం వంటిల్లంతా వెతికి, చివరికి తాతయ్యనే నాలుగు మాటలని ఊరుకుంది.

ఒక మధ్యాహ్నం ట్రాక్టరును నిలబెట్టి పంపు తిప్పుతూ చెట్లకు మందు కొడుతున్నారు. నేను బడి సంచి పక్కన పెట్టుకుని దూరంగా కూర్చున్నాను. ఉన్నట్టుండి ఇంజను చప్పుడు పెరిగింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. తాతయ్య పరుగున పోయి ఆపే కడ్డీ లాగాడు. ఆగలేదు. ఇంకా హోరెత్తింది. పొగ రెండు వరుసల చెట్లను కమ్మేసింది. నా కాళ్ల కింద నేల అదిరింది. పేలిపోతుందని అరుస్తూ కూలీలు పైపులు వదిలేసి నా వైపు పరిగెత్తుకొచ్చారు. తాతయ్య మాత్రం నీళ్ల డ్రమ్ము దాకా వచ్చి మళ్లీ ఆ పొగలోకే పోయాడు.

నేను లేచి నిలుచున్నాను. నిలుచున్న చోటే పావడా తడిసిపోయింది. చంపేశాను, తాతయ్యను నేనే చంపేశాను అని తప్ప ఇంకో ఆలోచన లేదు. ఎందుకు అలా అనిపించిందో కూడా నాకు తెలియదు. ఆ ఇంజనుకు నేనేదో చేశానని మాత్రం తెలుసు.

ఇంజను దగ్గింది. ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. తోటంతా నిశ్శబ్దం. ఆ పొగలోంచి మనిషి దగ్గు వినిపించింది. అంత తీయటి చప్పుడు నా జన్మలో మళ్లీ వినలేదు. తాతయ్య నీళ్ల డ్రమ్ములో ముంచిన గోనెసంచి మడతపెట్టి, గాలి పీల్చే గొట్టం మీద రెండు చేతులతో అదిమిపట్టాడట. ఊపిరాడక ఇంజను ఆగిపోయింది.

సాయంత్రం మామ వచ్చి చూశాడు. ఆయిలు మరీ ఎక్కువై, అరిగిన రింగుల సందుల్లోంచి పైకెక్కిందట. డీజిలు ఆపినా ఇంజను తన ఆయిలును తానే కాల్చుకుంటూ రెచ్చిపోయిందట. ఇంజను కింద ఆయిలు వదిలే మర విప్పితే బొక్కెన నిండి పొర్లిపోయింది.

"ఇంత ఎవురు పోసినారు పెద్దాయనా?" అన్నాడు మామ.

నేను మోటారు గది గోడకు అతుక్కుపోయాను. తాతయ్య ఆ గదిలోకి చూశాడు. డబ్బా వెనక జేజి గ్లాసు ఉంది.

"నేనేనప్పా. పోసింది మరిచిపోయి మల్లా పోసింటా," అన్నాడు. పోయి ఆ గ్లాసు తీసి తువాలులో చుట్టుకున్నాడు.

మర్నాడు నన్ను ట్రాక్టరు మడ్గార్డు మీద కూర్చోబెట్టాడు. ఆయిలు కొలిచే పుల్ల లాగి, తువాలుతో తుడిచి, మళ్లీ ముంచి తీసి చూపించాడు. దాని మీద రెండు గీతలున్నాయి. ఆయిలు వాటి నడుమ ఉండాలని, కింది గీత దిగినా, పై గీత దాటినా చేటేనని చెప్పాడు. అన్నాళ్లూ ఆ పుల్ల ఒకటుందనే నాకు తెలియదు. అప్పుడు ఏడ్చేశాను. బోల్తాపడ్డ ట్రాక్టరు దగ్గర్నుంచి గ్లాసుదాకా అంతా చెప్పేశాను. తాతయ్య తిట్టలేదు.

"భయమైనప్పుడు పోయొద్దు పాపా. ముందు పుల్ల తీసి చూడు. చూసినాక గూడా భయమైతే నన్ను పిలువు," అన్నాడు.

పుల్ల మళ్లీ లోపల పెడుతూ, నాతోనో ఇంజనుతోనో తెలియకుండా మళ్లీ అన్నాడు. "నేను చూసింటే కదా. తగ్గేది చూడలేక పుల్ల తీయడమే మానేసినా. అలవాటు కొద్దీ పోస్తా వచ్చినా. కాయ దిగనీ, కాయ దిగనీ అనేది ఊరికే. ఇంజను ఇప్పితే లోపల ఇంకేం బయటపడతాదో అని శానా భయం నాకు."

అంత పొగలోకి నడిచిపోయిన మనిషికి ఇంజను విప్పి చూడాలంటే భయమట. నాకు ఆశ్చర్యమేసింది, ఆయన మీద ఇష్టం కూడా ఎక్కువైంది. ఆ పూటే మామకు కబురు పెట్టాడు. చెట్ల మీద కాయ ఉండగానే ఇంజను విప్పించాడు. సమయానికి మందు పడక ఆ ఏడు కొంత కాయ పాడైంది. దాని గురించి ఆయన నా ముందు ఒక్క మాట అనలేదు. గ్లాసు జేజికి చేరింది. ఎంత తోమినా వాసన పోలేదని చాలాకాలం తాతయ్యను సాధించింది.

ఇప్పుడు తాతయ్య లేడు. మొన్న ఎండాకాలం మా పాపకు జ్వరమొచ్చింది. మధ్యాహ్నం వేళ, ఇంట్లో పెద్దదిక్కుగా నేనొక్కదాన్నే. మందు పోసి గంట కాలేదు, పాప ఒళ్లు కాలుతుంటే తట్టుకోలేక మళ్లీ సీసా వంచి కొలత మూత నింపాను. నోటిదాకా తీసుకుపోయాక ఆ మూత మీది గీత కనబడింది. మందు దాన్ని దాటి ఉంది. చెయ్యి ఆగిపోయింది.

ఆ మందు పారబోశాను. థర్మామీటరు పెట్టి చూశాను. చూశాక కూడా భయం పోలేదు. అప్పుడు తలుపు తీసి పక్కింటి అక్కను పిలిచాను.