రాయబార కార్యాలయానికి మా వీధి చెప్పిన జవాబు

రాయబార కార్యాలయాలంటే పెద్దవాళ్ల విందులూ, కారు ముందు రెపరెపలాడే చిన్న జెండాలూ తప్ప మరేమీ కాదని ఎవరైనా అంటే నేను ఊరుకోను. ఆ మధ్య ఒక పెళ్లి భోజనాల్లో నా పక్కన కూర్చున్న రిటైర్డు ఆఫీసరుగారు సరిగ్గా అదే మాట అన్నారు. "మన పన్నుల డబ్బుతో పార్టీలు చేసుకోడానికమ్మా అవి" అన్నారు. నేను పెరుగన్నం దాకా ఆగలేదు, పప్పు దగ్గరే మొదలెట్టాను. పాపం ఆయన బూరెల దాకా రాకుండానే లేచిపోయారని మావారు ఇప్పటికీ దెప్పుతుంటారు. ఆయన సగం విని వదిలేసిందే ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

డెబ్బైలలో నేను అమలాపురంలో బి.ఏ. చదివాను. రాజనీతి శాస్త్రంలో దౌత్య సంబంధాల పాఠం చెబుతూ మా లెక్చరరుగారు, రాయబార కార్యాలయం ఉన్న స్థలం మన దేశపు నేల కిందే లెక్క అన్నారు. నేను లేచి, "అయితే ఆ స్థలానికి శిస్తు ఎవరికి కడతారండీ?" అని అడిగాను. కూర్చోమన్నారు. తర్వాత లైబ్రరీలో నేనే చూసుకున్నాను. నేల ఆ దేశం వాళ్లదే. కానీ మనం రమ్మంటే తప్ప వాళ్ల పోలీసు మన గుమ్మం దాటకూడదు. ఈ తేడా పరీక్షలకి తప్ప ఎందుకూ పనికిరాదని అప్పుడు అనుకున్నాను.

ఎనభైలలో మా రాజోలు వైపు ఆడవాళ్లు గల్ఫ్‌కి వెళ్లడం మొదలైంది. ఏ దేశం వెళ్లినా మావాళ్లకి అది దుబాయే. మా ఎదురింటి పిన్నిగారి కోడలు కూడా ఇంటిపనికి వెళ్లింది. మొగుడు కొబ్బరి దింపులకి వెళ్లేవాడు. ఇల్లు తాటాకు నుంచి పెంకులోకి మారాలని ఆమె పట్టు. పంపించిన ఏజెంటు పాస్‌పోర్టులో పేరు మార్చాడు, ఊరు మార్చాడు, వయసు పెంచాడు. వెళ్తూ వెళ్తూ ఇంటిల్లిపాదికీ ఒక పాఠం కూడా చెప్పిపోయాడు. పోలీసులు ఎప్పుడైనా వచ్చి అడిగితే ఆ మనిషెవరో తెలియదనాలి, తెలుసంటే అందరూ లోపలికే. ఆ పాఠం ఇల్లు దాటి వీధంతా పాకింది. మా వీధి ఏది మర్చిపోయినా అలాంటివి మర్చిపోదు.

ఒకరోజు నేను అమలాపురం వెళ్లి వచ్చేసరికి పిన్నిగారు మా అరుగు మీద కూర్చుని ఉన్నారు. మొహం వెలిగిపోతోంది.

"అమ్మాయ్, ఇవాళ పోలీసుని ఎలా తిప్పి పంపించేననుకున్నావ్!"

"పోలీసు ఎందుకొచ్చేడండీ?"

"కోడలి ఫొటో పట్టుకొచ్చేడు. ఈవిడ మీ కోడలేనాండీ అన్నాడు. కళ్లజోడు తెప్పించుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, అబ్బే, ఈ మొహం మేం ఎప్పుడూ ఎరగమండీ అన్నాను. ఎండనపడి వచ్చేడు కదా, బొండం కొట్టించి ఇచ్చేను. తాగేడు. ఆయ్, అలాగే రాసుకుంటానండీ అని వెళ్లిపోయేడు."

"వీధిలో వాళ్లనీ అడిగేడా?"

"అడగడేంటి! అందరూ ఒకటే మాట. మన వీధి పరువు నిలబెట్టేరు."

"ఆ ఫొటో ఎక్కడిదన్నాడు పిన్నిగారూ?"

"ఆ దేశంలో మన ఎంబసీ ఉందంట కదా, వాళ్లు పంపించేరంట. అక్కణ్ణించి ఇక్కడిదాకా వెతుక్కుంటూ వచ్చేరు చూడు, పట్టుకుందామని!"

నేను సంచీ అరుగు మీద పెట్టేశాను. ఫొటో ఎంబసీ నుంచి వచ్చిందంటే ఆమె పనిచేసే ఇంట్లోంచి పారిపోయి ఎంబసీ చేరిందన్నమాట. పాస్‌పోర్టు ఆ ఇంటివాళ్ల దగ్గరే ఉండిపోయి ఉంటుంది. తిరిగి రావడానికి ఎంబసీ వేరే కాగితం ఇవ్వాలి. అది ఇవ్వాలంటే ముందు, ఈ మనిషి మీ మనిషేనా అని ఆమె చెప్పిన ఊరిని అడగాలి. అడిగారు. మేము కాదన్నాము.

"మీరు తిప్పి పంపింది పోలీసుని కాదండీ, కోడల్ని" అన్నాను.

పిన్నిగారు ఒప్పుకోలేదు. "ఎంబసీ అంటే గవర్నమెంటేగా? గవర్నమెంటు అంటే పోలీసేగా?"

"కాదండీ. అత్తారి ఊళ్లో పుట్టింటివాళ్లు ఒక ఇల్లు తీసుకుని ఉన్నారనుకోండి. కష్టమొస్తే పిల్ల పరిగెత్తి అక్కడికెళ్తుంది. ఎంబసీ అంటే అదీ."

"అంటే అత్తారిల్లంటే కష్టాలేననా నీ ఉద్దేశం?"

"మహాతల్లీ, మీ ఇంటి సంగతి కాదు నేను చెప్పేది! ఎంబసీ గుమ్మం లోపల ఉన్నంతవరకే మీ కోడలికి భయం లేదు. మనం కాదంటే వాళ్లు మాత్రం ఎన్నాళ్లు ఉంచుకుంటారు? బైటికొస్తే మళ్లీ ఆ ఇంటికే, లేదా జైలుకే."

అప్పటికి ఆవిడకి అర్థమైంది. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. లేచి, దింపులకి వెళ్లిన కొడుక్కి కబురు పంపించారు.

కొడుకు వచ్చాక ఇంకో గొడవ. "ఇప్పుడెళ్లి మా మనిషే అంటే, దొంగ పాస్‌పోర్టు ఎందుకు చేయించేరని లోపలేస్తారక్కా" అని అతని భయం. నేను చట్టం చెబుతున్నాను, అతను వినడు. చివరికి పిన్నిగారే లేచారు. "వేస్తే నన్నేస్తారు. నేనేగా ఎరగనన్నది! కూర్చోబెట్టి తిండి పెడతారు, ఈ ఇంట్లో అదీ లేదు. పొద్దున్నే బస్సెక్కుదాం."

పొద్దున్న మేము ముగ్గురమే వెళ్దామని బయల్దేరాము. కాలవ వంతెన దగ్గరికి వచ్చేసరికి వెనక వీధంతా ఉంది. ఎవరూ ఎవరినీ పిలవలేదు. అబద్ధం చెప్పినవాళ్లందరూ నిజం చెప్పడానికి ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చారు. బస్సు కండక్టరు పెళ్లివారనుకున్నాడు.

స్టేషన్లో హెడ్డు కానిస్టేబులుగారు మమ్మల్ని చూసి కుర్చీలోంచి సగం లేచారు. విషయం చెప్పాక మళ్లీ కూర్చున్నారు.

"నిన్న లేదన్నారు, ఇవాళ ఉందంటున్నారు. నేను రాసి, అర్జెంటని రాత్రే వైర్‌లెస్‌లో పైకి పంపేసేనండీ. ఇది గవర్నమెంటు కాగితమండీ, ముహూర్తం మారిందని మళ్లీ అచ్చేయించడానికి శుభలేఖ కాదు."

"శుభలేఖ తప్పయితే భోజనాలు పాడవుతాయి. ఇది తప్పయితే మనిషి పాడవుతుంది. మళ్లీ రాయండి" అన్నాను.

"మీరెవరండీ?"

"ఎదురింటి అక్కని. మీరు రాయనంటే జిల్లా కలెక్టరుగారి దగ్గరికెళ్తాను, అక్కడా కాదంటే ఢిల్లీకి రాస్తాను."

ఆయన నన్ను వదిలేసి పిన్నిగారి వైపు తిరిగారు. "మీ కోడలేనని రుజువేంటండీ?"

పిన్నిగారు ముందుకొచ్చారు. "పులుసులో బెల్లం ఎక్కువేస్తుంది బాబూ. నేనొకటంటే రెండంటుంది. ఎడం మణికట్టు మీద గంజి ఒలికి కాలిన మచ్చుంది. గంజి తొందరగా వార్చమని కేకలేసింది నేనే."

హెడ్డుగారు మచ్చ గురించి రాసుకున్నారు.

"బెల్లం సంగతి రాయలేదేం?"

"అది అందరి కోడళ్లకీ ఉన్నదేనండీ."

స్టేషనంతా నవ్వింది. ఆ నవ్వుతో ఆయన కూడా మనిషైపోయారు. కొత్త కాగితం తీశారు. సంతకం వచ్చినవాళ్లం సంతకం చేశాము, రానివాళ్లు వేలిముద్ర వేశారు. చోటు చాలక మరో కాగితం కుట్టారు. అక్కణ్ణించి నేను తపాలాఫీసుకి వెళ్లి హెడ్డుగారి కాగితం మీదున్న నంబరు వేసి ఎంబసీకి నేరుగా టెలిగ్రాం ఇచ్చాను. "మొదటి జవాబు తప్పు, ఆమె మా మనిషే, వివరాలు వెనక వస్తున్నాయి" అని ఇంగ్లీషులో. నా డిగ్రీకి ఆ రోజు అర్థం దొరికింది.

తర్వాత ఎదురుచూడ్డమే. సాయంత్రాలు మా అరుగు మీద కూడేవారు. ఎంబసీ అంటే ఎలా ఉంటుంది, ఎవరు కట్టించారు, అక్కడ అన్నం పెడతారా అని ప్రశ్నలు. నేను చదివినవి చెప్పేదాన్ని. ఆ దేశపు రేవుల్లో ఒకప్పుడు మన రూపాయే చెల్లేది. అక్కణ్ణించి ఖర్జూరం, ముత్యాలు ఇటొచ్చేవి. ఇక్కణ్ణించి బియ్యం, టేకు, బట్ట అటు వెళ్లేవి. మన వర్తకుల మంచిచెడ్డలు చూడ్డానికి మొదట చిన్న ఆఫీసు ఉండేది. ఆ దేశం తన కాళ్ల మీద తాను నిలబడ్డాక అదే రాయబార కార్యాలయమైంది. చమురు పడ్డాక గుమాస్తాలు, నర్సులు, ఇంజనీర్లు వెళ్లారు. వాళ్ల వెనక తాపీ మేస్త్రీలు, చివరికి మా వీధి కోడలు. గుమ్మం ముందు నిలబడే మనుషులు మారారు, దాంతో గుమ్మం చేసే పనీ మారింది. ఒప్పందాల మీద సంతకాలు పెట్టే చోటే, చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చిన ఆడదానికి చాప కూడా పరవాల్సొచ్చింది. పరిచింది. నాకు గర్వమంటే అక్కడే.

ఆమె వచ్చింది. బొంబాయిలో దిగి, రైల్లో నరసాపురం చేరి, అక్కణ్ణించి పంటు ఎక్కి గోదావరి దాటి వచ్చింది. సఖినేటిపల్లి రేవులో మేమందరం నిలబడ్డాము. పంటు దిగుతూనే పిన్నిగారి కాళ్లకి దణ్ణం పెట్టబోతే, ఆవిడ వెనక్కి జరిగి మా వెనక దాక్కున్నారు.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక వీధి చుట్టూ చేరింది. ఆమె చెప్పింది. ఎంబసీలో కిటికీల దగ్గర కాగితాల కోసం పెద్ద వరస, ఆ వెనక హాలు, హాల్లో తనలాంటి ఆడవాళ్లు. ఇంటి యజమాని కారేసుకుని గేటు దాకా వచ్చి కేకలేశాడట. కాపలా మనిషి కదల్లేదట. ఆగస్టు పదిహేనున జెండా ఎగరేసినప్పుడు అందరితో పాటు తననీ ముందు వరసలో నిలబెట్టారట. "పాట రాదు వదినగారండీ, అయినా పెదాలు కదిపేను" అంది.

"మరి ఊళ్లోవాళ్లు కాదన్నారని నీతో చెప్పేరా?" అని నేనే అడిగాను. ఎవరో ఒకరు అడగాలి కదా.

పిన్నిగారు గుమ్మంలో ఆగిపోయారు.

"చెప్పేరండీ. ఆఫీసరుగారు కాగితం చూపించి, మీ ఊళ్లో నిన్నెవరూ ఎరగరంటున్నారమ్మా అన్నారు. మా అత్తగారే అనుంటారండీ, పోలీసంటే భయం ఆవిడకి, మళ్లీ అడగండి అన్నాను. ఆయన మంచోరండీ, సరే అడుగుతానన్నారు."

"ఎప్పుడన్నారు?"

"అన్న మర్నాడే మీ టెలిగ్రాం వచ్చిందండీ. మళ్లీ అడిగే ఉత్తరం ఇంకా టైపు కూడా అవలేదంట. ఆయనకి ఆశ్చర్యం."

పిన్నిగారు అప్పుడు మాట్లాడారు. కళ్లు తుడుచుకుని, గొంతు మాత్రం ఎప్పటిలా పెంచారు.

"ఆశ్చర్యమెందుకంట? వాళ్లు రెండోసారి అడిగేదాకా మేం ఇంట్లో కూర్చుంటామనుకున్నాడా ఆ ఆఫీసరు? మా పిల్లేనని మేమే వెళ్లి చెప్పుకున్నాం."

"ఆయ్, అదే చెప్పేనండీ ఆయనకి" అంది కోడలు.