ఆదివారం వంతు

నల్లమాడ దగ్గరి ఆ ఊళ్ళో ఏ ఇంట్లో ఎంతమంది తింటారో బడితోట దగ్గర నిలబడితే తెలిసిపోతుంది. బడి బోరులో వచ్చే నీళ్ళు పిల్లలు తాగడానికే చాలవు. అందుకని, ఎవరో ట్రస్టువాళ్ళు విత్తనాలు, కంచె ఇచ్చినప్పుడు నీళ్ళ సంగతి మాది అని పొదుపు సంఘం ఆడవాళ్ళు ముందుకొచ్చారు. వంతు వచ్చిన ఇల్లు బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు బిందెకు పట్టి తెచ్చి మొక్కలకు పోయాలి. తాగే నీళ్ళు మాత్రం పోయకూడదు.

బయమ్మ వంతు గురువారం. ఆ పూట పిల్లలు "అవ్వొచ్చె, అవ్వొచ్చె" అంటూ గేటు గడియ తీసేవాళ్ళు. ఒక్కొక్కరికీ ఒక్కో మొక్క. టీచరు ఎవరి మొక్క పక్కన వాళ్ళను కూర్చోబెట్టి తోటలోనే పాఠం చెప్పేది. ఆకుకూర తింటే రక్తం పడుతుందని పిల్లలు గొంతు చించుకుంటుంటే, బయమ్మ ఖాళీ బిందె ఒళ్ళో పెట్టుకుని గోడవారన కూర్చుని వినేది. వారం మొత్తంలో ఆమెను ఎవరైనా వరస కలిపి పిలిచేది ఆ పూటే.

మొగుడు ఈశ్వరప్ప ఉన్నప్పుడు గొర్లకాడ పనిచేసేవాళ్ళూ ఆ ఇంట్లోనే తినేవాళ్ళు. అతను పోయాక గొర్రెలూ పోయాయి. ఇప్పుడు గుప్పెడు బియ్యం కడిగితే వచ్చేది చెంబెడు నీళ్ళు. కడిగిన బియ్యాన్నే మళ్ళీ కడిగినా బిందె అడుగు దాటేవి కావు. ఆ అడుగు నీళ్ళతో వీధిలో నడవడానికి సిగ్గేసి, ఒక గురువారం బిందెను కొళాయి నీళ్ళతో నింపేసింది.

నాలుగో తరగతి ఇంద్రాణి బిందెలోకి తొంగి చూసింది.

"అవ్వా, మీ ఇంట్లో అన్నం చెయ్యలేదా? నీళ్ళు తెల్లగా లేవే?"

పిల్లలంతా నవ్వారు. సంఘం లీడరు పద్మజ వచ్చి చెయ్యి ముంచి చూసింది.

"ఏం బయక్కా, తాగే నీళ్ళా ఇవి? ఆడ కొళాయికాడ జుట్లు పట్టుకుంటాండారు, నువ్వు ఈడ పారబోస్తాండావా!"

"నిండుగా తేవల్ల కదమ్మా."

"నిండుగా తెమ్మని ఎవరన్నారు?" పద్మజ గొంతు దిగింది. "ఒంటి మనిషివి, నీకు యాడ వస్తాయి? వంతు వద్దులేక్కా. ఇంట్లో సల్లగా కూర్చో."

"దినామూ చేసేది అదే కదమ్మా." బయమ్మ బిందె అంచు వదల్లేదు. "తీసేయొద్దు. యా దినమైనా సరే, ఇయ్యి."

పద్మజ వేళ్ళ మీద వంతులు లెక్కపెట్టింది. "అట్లయితే ఆదివారం నీది. ఆ పొద్దు రామని అందరూ అంటాండారు. చెంబు తెచ్చినా సాలు."

బయమ్మ సంతోషంగా ఇల్లు చేరింది. పిల్లలు లేని ఇంట్లో ఆదివారమూ సోమవారమూ ఒకటే.

ఆదివారం పొద్దున చెంబుతో వెళ్ళి గేటు బయట నిలబడింది. గడియ తీయడానికి ఎవరైనా వస్తారని చూసింది. "ఓ పాపా" అని పిలిచింది కూడా. తరగతి గదులకు వేసిన తాళాలు కనబడ్డాక గానీ తట్టలేదు, ఈ రోజు బడి లేదని.

గడియ తనే తీసుకుంది. చెంబెడు నీళ్ళు ఒక్క మొక్కకే వస్తాయి. మొక్కల పక్కన పుల్లలకు కట్టిన పేర్లు ఆమెకు చదవడం రాదు. ఎవరు ఎక్కడ కూర్చుంటారో మాత్రం తెలుసు. చివరి వరసలో ఇంద్రాణి వంగమొక్క. దాని మొదట్లో మెల్లగా పోసింది.

"తెల్లగానే ఉండాయి, సూడు పాపా" అంది.

చెంబు ఒళ్ళో పెట్టుకుని గోడవారన కూర్చుంది. అన్నం బెల్లు కొట్టే పొద్దు దాకా కూర్చుని, లేచి, గడియ తనే వేసుకుని వచ్చింది.