నా నోటి ఆయ్

పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యమధ్య "ఆయ్" అనకపోతే మా కోనసీమలో పొగరనుకుంటారు. ఒప్పుకున్నాననీ దానికి అర్థమే, ఊరికే వింటున్నాననీ అర్థమే. ఆ మాటే నా పీహెచ్‌డీని సగానికి కోసేసింది. నా నోరు పడిపోనూ!

మా అమ్మ అంబాజీపేట దగ్గర కొబ్బరాకుల ఈనెలు తీసి చీపుళ్ళు కడుతుంది. ఆకులకు తెల్లదోమ పట్టిన ఏడాది చేతుల నిండా దద్దుర్లొచ్చి, ఆయాసంతో మంచం పట్టింది. "చెట్టుకి జబ్బు చేస్తే నాకూ చేత్తందే" అనేది. బోటనీలో ఎమ్మెస్సీ చదివాక ఆ మాట నన్ను వదల్లేదు. పురుగు పట్టిన చెట్టు తనను కాపాడుకోవడానికి కొన్ని ప్రోటీన్లు తయారుచేసుకుంటుంది. అలాంటివి కొన్ని మన ఒంటికి పడవు. అమ్మ ఆయాసానికి కారణం అవేనా? మొక్కల శాస్త్రాన్నీ మనిషి రోగనిరోధక శక్తినీ కలిపి పరిశోధించే సీటు ఒకటి ఉందని తెలిసి, ఆ ప్రశ్నే రాసి పంపాను.

ఇంటర్వ్యూ చేసిన ప్రొఫెసరు గారిది కొత్తపేట వైపేనట. మా ఊరి పేరు వినగానే తెగ మురిసిపోయారు.

"మంచి ప్రశ్న తెచ్చేరమ్మా. ఆకుల పనంతా మీరు చూసుకోండి."

"ఆయ్."

"రక్తపరీక్షలూ అవీ మా ల్యాబులో ఇంకో స్కాలరు చూసుకుంటాడు. మీకెందుకా శ్రమ?"

"ఆయ్ అండీ."

సీటు వచ్చింది. సీటిస్తూ పంపిన కాగితంలో మాత్రం నాకు ఆకులే మిగిలాయి. మనిషికి సంబంధించిన పనంతా, అభ్యర్థి అంగీకారంతో, వేరొకరికి ఇచ్చినట్టు రాసి ఉంది. పరుగెత్తుకెళ్ళి అడిగాను.

"మీరే కదమ్మా ఆయ్ అన్నారు!" అని నవ్వారాయన.

ఏ ఢిల్లీ మనిషో అయితే పాపం తెలియదులే అనుకుందును. ఈయన పుట్టి పెరిగిందే ఆ మాట మధ్య. ఒళ్ళు మండిపోయింది. అమ్మకేమయిందో తేల్చాలని కదా నేనిక్కడికి వచ్చింది, ఆకులు కత్తిరించి సంచుల్లో వేయడానికా? అయినా నోరు మూసుకుని చేరాను. సీటు పోతుందని భయం, ఇంకేముంది.

మొన్న ఆ స్కాలరు మా ఊరు వెళ్ళి, చీపుళ్ళ పాకలో ఆడవాళ్ళందరి దగ్గరా రక్తం తీసుకున్నాడు. అందరికంటే ముందు చెయ్యి చాపింది అమ్మేనట. సాయంత్రం ఫోన్ చేసింది.

"మా అమ్మాయే చూత్తాదని అందరికీ చెప్పేనే. అందరూ బాగానే ఇచ్చేరు. నా రక్తం నీ చేతికొచ్చిందా? నువ్వే చూత్తావు కదా?"

ఆ రక్తం సీసాలున్న గదిలోకి నాకు అనుమతి లేదు.

"ఆయ్" అన్నాను.



"నాతో ఆయ్ అంటావేంటే? అవునో కాదో చెప్పు."