పొయ్యి మీద దాచిన కిట్లు

ఆగస్టు 12, మంగళవారం. కొంటా, మా ఇల్లు.
హాజరైనవారు: నేను, నా భార్య, పాత స్లైడ్ల కోసం హైదరాబాదు నుంచి వచ్చిన పరిశోధక అమ్మాయి, మధ్యాహ్నం తర్వాత వచ్చిన, కిష్టారం దారిలోని ఒక గూడెం మితానిన్. ఊళ్ళో ఆరోగ్య కార్యకర్తను ఇక్కడ మితానిన్ అంటారు.

మలేరియా స్లైడ్లు, అంటే నెత్తురు చుక్క పూసిన గాజు పలకలు, మైక్రోస్కోపు కింద చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. చూసిన గాజు పలకలను కడిగి మళ్ళీ వాడాలని అప్పట్లో ఆదేశం. చాలావరకు కడిగాను. పరాన్నజీవి కనబడిన వాటిలో కొన్నింటిని మాత్రం కడగకుండా ఒక పెట్టెలో దాచాను. ఒక మనిషి జ్వరానికి అదొక్కటే సాక్ష్యం. దాన్ని సబ్బునీళ్ళలో కలపడానికి నాకు మనసొప్పలేదు. తనిఖీకి వచ్చినవాళ్ళతో పగిలిపోయాయని చెప్పాను. ఆ అబద్ధానికి ఈ రోజుకీ సిగ్గుపడను. ఏ స్లైడు ఏ ఊరిదో, ఏ రోజుదో నా డైరీల్లో ఉంది.

ఆ అమ్మాయి ఒక స్లైడును కిటికీ వెలుగుకు ఎత్తి చూస్తోంది.

"ఇంత పాతదాంట్లో ఇంకేం మిగులుతుందమ్మా?" అని అడిగాను.

"మైటోకాండ్రియా డీఎన్ఏ సార్. కణానికి శక్తి తయారుచేసే భాగం మైటోకాండ్రియా. దానికి సొంతంగా చిన్న డీఎన్ఏ ఉంటుంది. మలేరియా పరాన్నజీవిలో దాని నకళ్ళు చాలా ఉంటాయి. మిగతాది చెడిపోయినా వాటిలో ఏదో ఒకటి దొరుకుతుంది."

ఆ డీఎన్ఏ రాతను బట్టి తయారయ్యే ఒక ప్రొటీన్‌ను అడ్డుకునే మందు ఇప్పటికే ఉందట. ఆ ప్రొటీన్ ఆగితే పరాన్నజీవి పెరగలేదు. మనకూ అలాంటి ప్రొటీన్ ఉంది గానీ ఆకారంలో తేడా ఉంది కాబట్టి, మందు మన జోలికి పెద్దగా రాదట.

"పరాన్నజీవి ఆ మందును తప్పించుకోదా?"

"తప్పించుకుంటుంది సార్. రాతలో ఒక్క అక్షరం మారితే చాలు. కానీ అలా మారినవి దోమ ఒంట్లో సరిగా ఎదగలేకపోవడం ప్రయోగశాలలో చూశారు."

"దొంగ జైలు గోడ దూకి బావిలో పడ్డాడన్నమాట," అంది నా భార్య టీ గ్లాసులు పెడుతూ.

"ఆ మందు మా ఆసుపత్రిలో ఇస్తారా?" అని అడిగాను.

"ఇవ్వరు సార్. ఖరీదైనది. ఆ ప్రొటీన్ మీదే పనిచేసే కొత్త మందుల కోసం వెతుకుతున్నారు. ఇక్కడి పరాన్నజీవుల్లో అక్షరాలు ఇప్పటికే మారి ఉన్నాయేమో తెలియాలి. అందుకే మీ పెట్టె."

పెట్టె మూసి దాని మీద చెయ్యి పెట్టాను. "ఇస్తాను. జవాబు ముందు ఇక్కడికి రావాలి. నెత్తురు మాది, జవాబు నగరానిది అంటే కుదరదు."

"ఎవరి ఫలితం ఏమిటో చెప్పకూడదు సార్. నిబంధన."

"పేర్లు నాకెందుకు? ఊరికి చెప్పండి."

ఆమె ఆలోచిస్తుండగానే మితానిన్ గుమ్మంలోకి వచ్చింది. దుప్పటి కప్పుకుని పళ్ళు టకటకలాడిస్తోంది. నెలలో ఇది మూడోసారి జ్వరం.

"ఏంది సార్ ఇది? కిట్టుల మూడుసార్లు చూసుకున్న. ఒక్క గీతే వస్తది. లేదంటది. లేనిది నన్నెట్ల వణికిస్తది?" ఆ కిట్టులో నెత్తురు చుక్క వేస్తే, మలేరియా ఉన్నవాళ్ళకు రెండు గీతలు రావాలి.

వణుకుతుండగానే ఆమె వేలి నుంచి నెత్తురు చుక్క తీశాను. ఆరాక రంగు వేసి నా పాత మైక్రోస్కోపు కింద పెట్టాను. చాలాసేపు వెతికితే ఉంగరం ఆకారంలో పరాన్నజీవి దొరికింది. పరిశోధక అమ్మాయి కూడా చూసి, "ఇంకోటి కూడా ఉంది సార్," అంది.

మితానిన్ సంచిలోంచి ఒక కిట్టు తీశాను. కవరు పొగ వాసన వేసింది.

"ఇవెక్కడ పెడుతున్నావు బిడ్డా?"

"పొయ్యి మీద తడకల. ఇత్తనాలు దాచే కాడ. ఎలుకలు రావు, వాన తగలదు. సర్కారు సామాను గదా, నేల మీద పెడతనా?"

వేడికి కిట్లు పాడవుతాయి. సరిగా పనిచేస్తున్నట్టు మొదటి గీత చూపిస్తూనే, జ్వరం గీతను ఎగ్గొట్టగలవు. ఆ మాట చెప్పాను. ఆమె నేల మీద కూర్చుండిపోయింది.

"అంటే... గూడెంల అందరికీ లేదని చెప్పిన గదా సార్. లేదని చెప్పి పనికి తోలిన."

నా భార్య ఆమె పక్కన కూర్చుంది. "ఆ సంచి శబరి ఏట్లో పడెయ్యమ్మా. తడిసిపోయాయని కొత్తవి అడుగు. నిజం చెబితే నిన్ను తీసేస్తారు."

అప్పుడు నాకు కోపం వచ్చింది, నా భార్య మీద కాదు. సంచిలోని కిట్ల పెట్టె తీసి తిప్పి చూశాను. వేడి తగలనివ్వవద్దని ఇంగ్లీషులో ఉంది. ఈమెకు దోర్లి వచ్చు, గోండి వచ్చు, తెలుగు వచ్చు, బజారు హిందీ వచ్చు. నాలుగు భాషల్లో ఒక్కదానిలోనైనా ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. తన దగ్గరున్న అన్నిటికంటే విలువైన చోట ఆమె వాటిని దాచింది. తప్పు రాయాలంటే ముందు ఆ పెట్టె మీద రాయాలి.

డైరీ తెరిచి అదే రాశాను. ఆమె వణుకుతూనే అడిగింది: "ఏమని రాసినవ్ సార్?"

చదివి వినిపించాను.

"కింద ఇంకోటి కలుపు. రేపు పొద్దున గూడెం పోయి నేనే చెప్తనని."

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాం. రిటైరైనవాడి స్లైడు చెల్లదన్నారు. మీ మైక్రోస్కోపు కింద, మీ కళ్ళతో చూడండి అని అక్కడే నిలబడ్డాను. చూశారు. మందిచ్చారు. ఆ రాత్రి మితానిన్ నా కడగని స్లైడ్ల కథ విని మా ఇంట్లోనే పడుకుంది. పరిశోధక అమ్మాయి నా డైరీలో స్వహస్తంతో రాసింది: జవాబు ముందు ఈ ఊళ్ళకే తెలియజేస్తాను. స్లైడ్ల పెట్టె ఇచ్చాను.

మర్నాడు పొద్దున ఆ అమ్మాయి జీపులోనే గూడెం చేరాం. తన దగ్గరున్న కొత్త గాజు పలకలన్నీ ఆమె మాకిచ్చింది. మితానిన్ అందరినీ పిలిచి దోర్లిలో, ఏమీ దాచకుండా చెప్పింది. ఆపైన మా కోసం తెలుగులోకి మారింది.

"మా జొరాలను పొయ్యి మీద కాల్చినవా?" అని ఒకాయన ఎద్దేవా చేశాడు.

"కాల్చిన. నన్ను నేను గూడ కాల్చుకున్న. ఇప్పుడు వేలు ఇస్తవా, నిలబడి నవ్వుతవా?"

ఎవరూ కదల్లేదు. చివరికి ఒక ముసలామె ముందుకొచ్చింది. "ఇత్తనాల కాడ పెట్టింది. నేనైనా ఆడనే పెడుదు," అంటూ వేలు చాపింది. ఎద్దేవా చేసినాయన ఆమె వెనక నిలబడ్డాడు.

మొదటి చుక్క ఆరబెట్టి, స్లైడు మీద నంబరు వేశాను.

"చూసినంక కడుగుతవా సార్?" అని అడిగింది మితానిన్.

"కడగను," అన్నాను.