వైండింగ్ నేర్పిన అక్క

ఉప్పల్‌లో నేను పాఠాలు చెప్పే యూనివర్సిటీలో, మా ఎలక్ట్రికల్ విభాగానికి ఆ ఏడాది అన్నీ కొత్తవే. సీట్లు పెరిగాయి, ఎలక్ట్రిక్ వాహనాల ల్యాబ్ వచ్చింది, మేడ మీద సోలార్ పలకలు పరిచారు. మోటారు వైండింగ్ నేర్పే శిక్షణ కేంద్రం కూడా పెట్టాలని మా హెడ్‌గారు తలచి, ఆ పని నాకు అప్పగించారు. ఒప్పుకున్నాక గాని తెలిసిరాలేదు, కాలిపోయిన మోటారు విప్పి మళ్లీ రాగి తీగ చుట్టడం మా విభాగంలో ఎవరికీ రాదని. నాకూ రాదు. డాక్టరేట్ మాత్రం మోటార్ల మీదే చేశాను.

నాచారం పారిశ్రామికవాడలో వెతగ్గా ఒక చిన్న వైండింగ్ షాపులో మోటారు చుడుతూ ఆవిడ కనిపించింది. జనగాం వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. భర్తకు చూపు తగ్గాక పని తానే అందుకుంది. మా దగ్గర నేర్పుతారా అని అడిగాను.

“కాలేజోళ్లకు నేను నేర్పుడేంది మేడం? నేను ఎనిమిదో తరగతే సదివిన.”

“మా పిల్లలకు పుస్తకం వచ్చక్కా. చేతిపని రాదు.”

“గట్లయితే వస్త,” అంది నవ్వి.

ఒక సెమిస్టరంతా మంగళవారం, గురువారం మధ్యాహ్నాలు బస్సెక్కి వచ్చేది. నేనూ పిల్లల పక్కనే కూర్చుని నేర్చుకున్నాను. నేను చుట్టిన మొదటి కాయిల్‌ను వేళ్లతో తడిమి, మొత్తం ఊడదీసింది. “తీగను గట్ల గుంజితే పైపూత పోతది మేడం. మోటరు మల్ల కాలుడే. జర మెల్లగ చుట్టుర్రి.” పిల్లలు ఒకటే నవ్వు. నాకు సిగ్గేయలేదు. చాలా ఏళ్ల తర్వాత ఏదో నేర్చుకుంటున్నానన్న సంతోషం కలిగింది.

కేంద్రానికి పేరొచ్చింది. శిక్షకుడి ఉద్యోగం ఒకటి మంజూరైంది. అర్హతలు తేల్చే కమిటీలో నేనూ ఉన్నాను. “ఐటీఐ తప్పనిసరి అని రాద్దాం. అభ్యంతరం ఉందా?” అని హెడ్‌గారు నా వైపే చూశారు. అనుభవం ఉన్నవాళ్లకు మినహాయింపు ఇద్దామని నేనొక్క మాట అనాల్సింది. వచ్చే నెలలో నా ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉంది.

“లేదు సార్,” అన్నాను.

ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు. ఇవాళ చేద్దాం, రేపు చేద్దాం అనుకుంటూనే ఫోన్ చేయకుండా సెలవులు గడిపేశాను. కాలేజీ తెరిచాక మంగళవారం ఆవిడ ఎప్పటిలాగే వచ్చింది. గేటు దగ్గర్నుంచి సెక్యూరిటీ అతను ఫోన్ చేశాడు. “మేడం, వైండింగ్ అమ్మ వచ్చింది. లిస్టుల పేరు లేదు. పంపాల్నా?”

నా గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. “క్లాసులో ఉన్నానని చెప్పు,” అన్నాను.

నాకు ప్రమోషన్ వచ్చింది. కొత్త శిక్షకుడు మంచివాడే, కానీ చేతిపని అలవాటు లేదు. పిల్లలు ఎక్కువగా తెర మీద బొమ్మలు చూసి నోట్సు రాసుకుంటున్నారు. అక్క రాదా మేడం అని కొన్నాళ్లు అడిగి మానేశారు.

ఏడెనిమిది నెలలకు గాని నాచారం వెళ్లలేకపోయాను. ఆవిడ పని ఆపి కుర్చీ తుడిచి వేసింది. కూర్చోలేకపోయాను.

“ఆ రోజు నేను క్లాసులో లేనక్కా.”

“ఎర్కనే మేడం. గేటు కాడ ఫోన్ల మీ గొంతు ఇనవడ్డది. ఎనక పిల్లల లొల్లి లేకుండె.”

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. మళ్లీ తనే అడిగింది, “మీ కాడ పని నేర్పిన్నని ఒక కాయితం రాసిస్తరా? మల్కాజిగిరిల ఆడోళ్లకు పని నేర్పే సెంటర్ల అడుగుతున్నరు.”

ఆఫీసులో అడిగితే ఆవిడ పేరు ఏ రిజిస్టర్‌లోనూ లేదు, ముద్ర వేయలేమన్నారు. చివరికి నేనే రాసి, నా సంతకం పెట్టి పట్టుకెళ్లాను. ఆవిడ వెలుతురులోకి తిప్పి రెండు వైపులా చూసింది.

“ముద్ర లేదేంది మేడం?”

ఆవిడే కాగితాన్ని మడిచి బల్ల సొరుగులో పెట్టి, “ఉండనియ్యుర్రి,” అంటూ మళ్లీ తీగ అందుకుంది. ఆ సెంటర్ వాళ్లు ఆవిడను తీసుకున్నారో లేదో ఇప్పటికీ అడగలేదు.